ఆక్టేవియా హిల్

ఆక్టేవియా హిల్ (డిసెంబర్ 3, 1838 - ఆగష్టు 13, 1912) ఇంగ్లాండు దేశానికి చెందిన ప్రముఖ సంఘ సంస్కర్త. లండను నగరములోని పేదల ఇళ్ళ నిర్వహణకు ఒక కొత్త పద్ధతిని ఏర్పరచిన వ్యక్తిగాను, 1895లో స్థాపించబడిన నేషనల్ ట్రస్టు వ్యవస్థాపకులు ముగ్గురిలో ఒకరుగాను ఈమె ప్రసిద్ధురాలు. స్వచ్ఛంద సేవకులకు పని నేర్పి, వారిలో కొందరిని ఇతర సేవకులకు పని చెప్పగలిగిన నిర్వాహకులుగా తీర్చిదిద్దడము ఈమె జీవితకాల కృషిలో ముఖ్యమైన భాగము. మంచి మనసు ఒక్కటే సేవకు చాలదని, దానికి క్రమమైన శిక్షణ, లెక్కలు, తోటివారి సహకారము అవసరమని ఈమె ఆచరణలో చూపినది. ఇంగ్లాండులో సమాజ సేవ ఒక వృత్తివిద్యగా రూపొందుటకు ఈమె కృషి ఒక ముఖ్య కారణము.

బాల్యము, కుటుంబ నేపథ్యము

ఆక్టేవియా 1838 డిసెంబర్ 3న కేంబ్రిడ్జిషైరులోని విజ్‌బీచ్ పట్టణములో జన్మించినది. తండ్రి జేమ్స్ హిల్ ధాన్యపు వర్తకుడు, బ్యాంకు యజమాని. సహకార సిద్ధాంతకర్త రాబర్ట్ ఓవెన్ భావాలను అభిమానించినవాడు. తల్లి కారొలిన్ సౌత్‌వుడ్ స్మిత్ జేమ్స్‌కు మూడవ భార్య. ఆమె విద్యా విషయాలపై వ్యాసాలు రాసేది. ఆక్టేవియా తన తండ్రికి ఎనిమిదవ కుమార్తె. ఆమె పేరుకు మూలమైన లాటిన్ పదానికి అర్థము కూడా ఎనిమిదవది అనే.

1840లో తండ్రి వ్యాపారము దివాలా తీసినది. ఆ దెబ్బకు ఆయన మానసికముగా కుంగిపోయి కుటుంబ భారాన్ని మోయలేకపోయినాడు. అప్పుడు పిల్లలను ఆదుకున్నది మాతామహుడు డాక్టరు థామస్ సౌత్‌వుడ్ స్మిత్. ఆయన వైద్యుడు, పారిశుధ్య సంస్కర్త. మురికివాడలకు, అంటురోగాలకు ఉన్న సంబంధమును గూర్చి ప్రభుత్వానికి నివేదికలు సమర్పించినవాడు. తాతగారి ఇంటిలో విన్న ఈ విషయాలు ఆక్టేవియా మనసులో బాల్యములోనే నాటుకున్నాయి. ఆమె బడికి వెళ్ళి చదువుకోలేదు. తల్లి వద్దనే విద్య నేర్చినది.

తొలి ఉద్యోగములు

1852లో కారొలిన్ హిల్ లండనులోని లేడీస్ గిల్డ్ అనే మహిళల సహకార సంస్థలో నిర్వాహకురాలిగా చేరినది. పేద స్త్రీలకు ఉపాధి కల్పించుటకు క్రైస్తవ సామ్యవాదులు నడిపిన సంస్థ అది. అక్కడ బొమ్మల తయారీ విభాగము బాధ్యతను పద్నాలుగేళ్ళ ఆక్టేవియాకు అప్పగించినారు. పని చేసేవారు నిరుపేద పిల్లలు, దాదాపు ఆమె వయసువారే. వారికి పని పంచడము, సరుకు లెక్క చూడడము, కూలి చెల్లించడము ఆమె విధులు. వారి ఇళ్ళకు వెళ్ళినప్పుడు అక్కడి పరిస్థితులను స్వయముగా చూసినది. ఇతరుల చేత పని చేయించుటలో ఆమెకు ఇది తొలి అనుభవము.

ఈ కాలములోనే మతాచార్యుడు ఫ్రెడరిక్ డెనిసన్ మారిస్‌తోను, రచయిత జాన్ రస్కిన్‌తోను పరిచయము కలిగినది. గాంధీజీని ఎంతగానో ప్రభావితము చేసిన అన్‌టు దిస్ లాస్ట్ గ్రంథకర్త ఈ రస్కినే. ఆయన వద్ద ఆక్టేవియా సుమారు పది సంవత్సరాలు చిత్రాలకు నకళ్ళు గీసే పని చేసినది. 1856లో శ్రామికుల కళాశాలలో మహిళా తరగతులకు కార్యదర్శిగా సంవత్సరానికి 26 పౌండ్ల జీతముపై నియమితురాలైనది. 1862లో అక్కచెల్లెళ్ళతో కలిసి నాటింగ్‌హామ్ ప్లేస్‌లో బాలికల పాఠశాలను ప్రారంభించినది.

పారడైజ్ ప్లేస్ ప్రయోగము

పేదలకు శుభ్రమైన ఇళ్ళు దొరకడము ఆ రోజులలో చాలా కష్టముగా ఉండేది. 1864లో తండ్రి మరణించగా రస్కిన్‌కు ఆస్తి సంక్రమించినది. 1865లో ఆయన 750 పౌండ్లు వెచ్చించి మేరిల్‌బోన్ ప్రాంతములోని పారడైజ్ ప్లేస్‌లో మూడు ఇళ్ళను కౌలు హక్కుపై కొని వాటి నిర్వహణను ఆక్టేవియాకు అప్పగించినాడు. పెట్టుబడిపై ఏటా 5 శాతము ఆదాయము రావాలని ఆయన కోరినాడు. లాభము కనిపిస్తేనే ఇతర ధనవంతులు కూడా ఇటువంటి పనికి ముందుకు వస్తారని ఆయన అభిప్రాయము.

ఆక్టేవియా ముందుగా మురుగు కాలువలు, నీటి వసతి, కిటికీలు బాగుచేయించినది. అద్దె వారము వారము తప్పక చెల్లించాలని నియమము పెట్టినది. మరమ్మతులకు ఏటా కొంత సొమ్ము కేటాయించి, అందులో మిగిలినదానిని అద్దెదారులు కోరిన సౌకర్యాలకు ఖర్చుచేసేది. ఇళ్ళను పాడుచేయకుండా ఉంటే తమకే లాభమని అద్దెదారులకు దీనితో తెలిసివచ్చినది. అనుకున్న 5 శాతము ఆదాయమూ వచ్చినది. 1866లో ఫ్రెష్‌వాటర్ ప్లేస్ ఇళ్ళు ఈమె అధీనములోకి వచ్చినవి. అక్కడ పిల్లలకు ఆటస్థలము ఏర్పాటు చేసినది. 1874 నాటికి 15 చోట్ల సుమారు 3,000 మంది అద్దెదారులు ఈమె పర్యవేక్షణలో ఉన్నారు.

సందర్శకురాళ్ళు

ఇన్ని ఇళ్ళను ఒక్క మనిషి చూసుకోవడము అసాధ్యము. వారానికి ఒకసారి ప్రతి గడపకు వెళ్ళి, అద్దె తీసుకుని, ఇంటి యోగక్షేమాలు తెలుసుకోవడము ఈ పద్ధతికి ప్రాణము. అందుచేత ఆక్టేవియా మధ్యతరగతి, సంపన్న కుటుంబాల స్త్రీలను స్వచ్ఛంద సేవకురాళ్ళుగా చేర్చుకున్నది. వీరిని సందర్శకురాళ్ళు అని పిలిచేవారు.

అప్పటికి లండనులో చర్చిల తరఫున పేదల ఇళ్ళకు వెళ్ళి వచ్చే స్త్రీలు ఎందరో ఉన్నారు. వారిలో చాలామంది తోచినప్పుడు వెళ్ళి, అడిగినవారికి కొంత సొమ్మో బొగ్గో ఇచ్చి వచ్చేవారు. ఒక కుటుంబానికి నలుగురు సహాయము చేస్తే మరొక కుటుంబానికి ఎవరూ చేసేవారు కారు. ఆక్టేవియా ఈ లోపాన్ని గుర్తించి తన సందర్శకురాళ్ళకు స్పష్టమైన పని అప్పగించినది. అద్దె వసూలు చేసేవారు దానము చేయరాదని నియమము. అద్దె ఇచ్చేవారికి, పుచ్చుకొనేవారికి పరస్పర బాధ్యత ఉంటుంది. బకాయి పడితే అడిగే హక్కు సందర్శకురాలికి ఉన్నట్లే, కప్పు కారితే బాగుచేయమని అడిగే హక్కు అద్దెదారుకు ఉంటుంది. ఇటువంటి సంబంధములో ఇరువురి గౌరవము నిలుస్తుందని ఆమె విశ్వాసము.

నిర్వహణ, శిక్షణ పద్ధతి

ఆక్టేవియా సేవకురాళ్ళను తయారుచేసిన పద్ధతిలో ముఖ్యాంశములు ఇవి:

* చిన్న ప్రాంతము: ప్రతి సందర్శకురాలికి ఒక వాడను గాని, కొన్ని కుటుంబాలను గాని మాత్రమే అప్పగించేది. ఎక్కువ ఇళ్ళకు పైపైన వెళ్ళడము కంటె కొద్ది ఇళ్ళను బాగా ఎరిగి ఉండడము మేలని ఆమె అభిప్రాయము.
* పనిలోనే శిక్షణ: కొత్తగా చేరినవారు అనుభవజ్ఞుల వెంట తిరిగి పని నేర్చుకోవాలి. అద్దె పుస్తకము రాయడము, లెక్క సరిచూడడము, మురుగు కాలువల తనిఖీ, మేస్త్రీలతో మాట్లాడడము, స్థానిక పన్నుల విషయాలు, అద్దె చట్టాలు క్రమముగా నేర్పేవారు.
* బాధ్యత అప్పగింత: పని నేర్చినవారికి ఒక వాడ పూర్తి బాధ్యత అప్పగించేది. ఆ తరువాత చిన్న విషయాలలో తాను జోక్యము చేసుకొనేది కాదు. వారు మరికొందరికి నేర్పాలి.
* సమయ నియమము: ఇంటి బాధ్యతలు ఉన్న స్త్రీలు వారానికి కొద్ది గంటలే ఇవ్వగలరు. ఆ కొద్ది గంటలకు తగిన పనినే ఇవ్వాలి గాని, సేవ కోసము సొంత ఇంటిని నిర్లక్ష్యము చేయమని అడగరాదని ఆమె నియమము.
* కొనసాగింపు: స్వచ్ఛంద సేవకులు పెళ్ళి వలన, అనారోగ్యము వలన, ప్రయాణాల వలన మారిపోతూ ఉంటారు. అందువలన ప్రతి ప్రాంతానికి స్థిరముగా ఉండే ఒక కార్యదర్శి అవసరము. కుటుంబాల వివరాలు పుస్తకములో నమోదై ఉంటే, కొత్తగా వచ్చినవారు పాతవారు విడిచిన చోటి నుండి పని అందుకోగలరు.

1869లో స్థాపించబడిన ఛారిటీ ఆర్గనైజేషన్ సొసైటీలో ఆక్టేవియా చురుకుగా పాల్గొన్నది. మేరిల్‌బోన్‌లో సందర్శకులకు, ఆ సంఘము స్థానిక కమిటీకి, ప్రభుత్వ సహాయ అధికారికి మధ్య సంధానకర్తగా పనిచేసినది. సందర్శకులు తెచ్చిన వివరాలు కమిటీకి చేరడము, కమిటీ నిర్ణయాలు సందర్శకులకు తెలియడము ఆమె ద్వారానే జరిగేది. ఈ అనుభవము ఆధారముగా దాన కార్యక్రమాలలో స్వచ్ఛంద సేవకుల పాత్రపై 1872లో ఒక వ్యాసము రాసినది. సేవకులను ఒకచోట చేర్చి, వారికి దారి చూపే మనిషి లేకపోతే ఎందరు ఉత్సాహముతో వచ్చినా పని నిలవదని అందులోని సారాంశము. స్వచ్ఛంద సేవకుల నిర్వహణను ప్రత్యేకమైన పనిగా గుర్తించిన తొలి రచనలలో దీనిని ఒకటిగా చెప్పవచ్చును.

సహ కార్యకర్తలకు లేఖలు

1872 నుండి 1911 వరకు దాదాపు ప్రతి సంవత్సరము ఆక్టేవియా తన సహ కార్యకర్తలకు ఒక లేఖ రాసి, సొంతముగా అచ్చువేయించి పంచినది. ఇవి అమ్మకానికి ఉద్దేశించినవి కావు. ఆ సంవత్సరము ఏ వాడలో ఏమి జరిగినది, ఎవరు కొత్తగా చేరినారు, ఏ ప్రయత్నము విఫలమైనది అనే విషయాలు వీటిలో ఉండేవి. తనకు అందిన విరాళాల జమాఖర్చులను కూడా వీటితో జతపరిచేది. వృద్ధులకు పింఛను, పనిలేనివారికి పని కల్పించడము, చెట్లు నాటడము వంటి వాటికి ఆ సొమ్ము వినియోగమయ్యేది.

లండనులో వేరువేరు చోట్ల పనిచేసే సందర్శకురాళ్ళు ఒకరి అనుభవము మరొకరు తెలుసుకొనుటకు ఈ లేఖలు సాధనమైనవి. వాటిలో ఆమె వారిని సహ కార్యకర్తలుగానే సంబోధించినది. సుమారు నలభై సంవత్సరాల పాటు సాగిన ఈ లేఖలు నేడు చరిత్రకారులకు ముఖ్యమైన ఆధారములు.

శిష్యులు, సహచరులు

ఆక్టేవియా వద్ద పని నేర్చినవారిలో పలువురు తరువాత స్వతంత్రముగా ప్రసిద్ధులైనారు.

* ఎమ్మా కాన్స్: లేడీస్ గిల్డ్ నాటి స్నేహితురాలు. తరువాత దక్షిణ లండనులో శ్రామికుల ఇళ్ళ కంపెనీని నెలకొల్పినది. 1880లో ఓల్డ్ విక్ నాటకశాలను మద్యరహిత వినోదశాలగా మార్చినది.
* హెన్రియెటా బార్నెట్: మేరిల్‌బోన్‌లో సందర్శకురాలిగా పనిచేసినది. 1870లో ఆక్టేవియా పుట్టినరోజు విందులో శామ్యూల్ బార్నెట్‌ను కలుసుకుని 1873లో ఆయనను వివాహమాడినది. ఈ దంపతులు 1884లో టాయిన్‌బీ హాల్ స్థాపనకు కారకులు.
* కేట్ పాటర్: ప్రఖ్యాత సామ్యవాద రచయిత్రి బియాట్రిస్ వెబ్‌కు అక్క. ఆక్టేవియా వద్ద పనిచేసినది. బియాట్రిస్ కూడా తొలినాళ్ళలో కేథరిన్ బిల్డింగ్స్‌లో ఇదే పద్ధతిలో అద్దె వసూలు చేసినది.
* ఎలెన్ ఛేజ్: అమెరికా నుండి వచ్చి డెట్‌ఫర్డ్‌లో పనిచేసి, తన అనుభవాలను 1929లో గ్రంథముగా ప్రచురించినది.
* జొహానా టర్ మ్యూలెన్: నెదర్లాండ్స్ దేశస్థురాలు. లండనులో నేర్చిన పద్ధతిని ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రవేశపెట్టినది.

1877 సంక్షోభము

1874లో మిత్రులు ఒక నిధి సమకూర్చగా ఆక్టేవియా జీవనాధారానికి పాఠాలు చెప్పే అవసరము తప్పినది. కానీ పని ఒత్తిడి తగ్గలేదు. 1877లో వరుసగా ఇబ్బందులు వచ్చినవి. ఎడ్వర్డ్ బాండ్‌తో వివాహ నిశ్చయము జరిగి, కొద్దికాలానికే రద్దయినది. అదే కాలములో రస్కిన్ ఆదర్శ సంఘ ప్రణాళిక ఆచరణ సాధ్యతను ఆమె సందేహించినదని తెలిసి ఆయన ఆగ్రహించినాడు. వారి మధ్య నడిచిన ఉత్తరాలను 1878లో తన పత్రికలో బహిరంగముగా ప్రచురించినాడు. ఆరోగ్యము పూర్తిగా దెబ్బతిని ఆమె పని వదిలి విదేశాలకు వెళ్ళవలసి వచ్చినది.

ఆమె పద్ధతికి ఇది అసలైన పరీక్ష అయినది. నాయకురాలు లేని సమయములో వాడల బాధ్యత శిక్షణ పొందిన సందర్శకురాళ్ళపైన, సోదరీమణులపైన పడినది. అద్దె వసూలు ఆగలేదు, ఇళ్ళ నిర్వహణ చెదరలేదు. ఎవరి వాడకు వారే బాధ్యులుగా అలవాటుపడి ఉండడము దీనికి కారణము. ఈ కాలములోనే హ్యారియట్ యార్క్ ఆమెకు సహచరిగా వచ్చి జీవితాంతము తోడుగా నిలిచినది. తిరిగి వచ్చిన తరువాత ఆక్టేవియా పనులను మునుపటి కంటె ఎక్కువగా ఇతరులకు అప్పగించినది.

సౌత్‌వార్క్, డెట్‌ఫర్డ్

1884లో చర్చి ఆస్తులను చూసే ఎక్లీజియాస్టికల్ కమిషనర్లు సౌత్‌వార్క్ ప్రాంతములోని తమ ఇళ్ళ నిర్వహణను ఈమెకు అప్పగించినారు. డెట్‌ఫర్డ్‌లో పని చాలా కష్టముగా సాగినది. అక్కడ బకాయిలు, తాగుడు, తగాదాలు ఎక్కువ. సౌత్‌వార్క్‌లో మాత్రము మంచి ఫలితము వచ్చినది. 1887లో అక్కడ రెడ్ క్రాస్ ఉద్యానవనము, దానిని ఆనుకుని కుటీరములు, సమావేశ మందిరము నిర్మించబడినవి. తరువాతి కాలములో వాల్వర్త్‌లోని విశాలమైన ఆస్తి కూడా ఈమె సహచరుల నిర్వహణలోకి వచ్చినది.

ఇంత విస్తరణతో స్వచ్ఛంద సేవ మీదనే ఆధారపడడము సాధ్యము కాలేదు. ప్రతి వారము తప్పక రాగలిగినవారు, చట్టము, లెక్కలు, కట్టడపు పనులు తెలిసినవారు కావలసి వచ్చినారు. జీతానికి పనిచేసేవారిలో ఆత్మీయత లోపిస్తుందని తొలుత సందేహించిన ఆక్టేవియా, క్రమముగా శిక్షణ పొందిన జీతగాళ్ళ అవసరాన్ని అంగీకరించినది. జీతము తీసుకున్నా తీసుకోకున్నా శిక్షణ మాత్రము ఇరువురికీ తప్పనిసరి అని నిర్ణయించినది.

శిక్షణ పాఠ్యక్రమము

1887లో సౌత్‌వార్క్‌లో విశ్వవిద్యాలయ మహిళలు విమెన్స్ యూనివర్సిటీ సెటిల్మెంట్ అనే సేవా నివాసాన్ని నెలకొల్పినారు. సేవకులు పేదల వాడలో కలిసి నివసించడము అవసరమా అని ఆక్టేవియా మొదట సంకోచించినది. తరువాత ఆ సంస్థ కార్యవర్గములో చేరి, సేవకుల శిక్షణను దాని ముఖ్యోద్దేశముగా చేయుటకు తోడ్పడినది. మార్గరెట్ సూయెల్ అధ్యక్షురాలిగా ఉన్న కాలములో 1890లలో అక్కడ ఉపన్యాసాలు, పుస్తక పఠనము, క్షేత్రములో అభ్యాసము కలిసిన క్రమబద్ధమైన శిక్షణ ప్రారంభమైనది.

ఈ ప్రయత్నము నుండి 1903లో స్కూల్ ఆఫ్ సోషియాలజీ ఏర్పడినది. 1912లో అది లండను స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో విలీనమైనది. మేరిల్‌బోన్ వాడలలో ఒకరి వెంట ఒకరు తిరిగి నేర్చుకున్న పని విశ్వవిద్యాలయ పాఠ్యాంశముగా మారినది.

బహిరంగ స్థలములు, నేషనల్ ట్రస్టు

ఇరుకు గదులలో నివసించే పేదలకు గాలి, వెలుతురు, పచ్చదనము అవసరమని ఆక్టేవియా భావించినది. 1875లో స్విస్ కాటేజ్ మైదానాలను కాపాడుటకు చేసిన ప్రయత్నము విఫలమైనది. పార్లమెంట్ హిల్ మైదానాలు మాత్రము దక్కి 1889లో హాంప్‌స్టెడ్ హీత్‌లో కలిసినవి. 1895లో రాబర్ట్ హంటర్, హార్డ్‌విక్ రాన్స్‌లీలతో కలిసి నేషనల్ ట్రస్టును స్థాపించినది. 1896లో ఆ సంస్థ 10 పౌండ్లకు కొనుగోలు చేసిన ఆల్ఫ్రిస్టన్ క్లర్జీ హౌస్ దాని మొదటి కట్టడము.

విమర్శలు

ఆక్టేవియా అభిప్రాయాలలో కొన్ని నాడే వివాదాస్పదమైనవి. పురపాలక సంఘాలు ఇళ్ళు కట్టించి అద్దెకివ్వడాన్ని, ప్రభుత్వ వృద్ధాప్య పింఛనులను ఆమె వ్యతిరేకించినది. స్త్రీలు ప్రజాసేవలోకి రావడానికి దారి చూపిన ఆమె పార్లమెంటు ఎన్నికలలో స్త్రీలకు ఓటు హక్కును కూడా వ్యతిరేకించినది. 1905 నుండి 1909 వరకు పేదల చట్టముపై నియమించబడిన రాయల్ కమిషనులో సభ్యురాలిగా అధిక సంఖ్యాకుల నివేదికపై సంతకము చేసినది. అదే కమిషనులో బియాట్రిస్ వెబ్ అసమ్మతి నివేదికను సమర్పించినది.

ఆమె పద్ధతిలో క్రమశిక్షణ కఠినముగా ఉండేదని, అద్దె కట్టలేనివారిని ఖాళీ చేయించేవారని, సందర్శకురాలి స్నేహము వెనుక యజమాని అధికారము ఉండేదని విమర్శకులు అభిప్రాయపడినారు. మనిషికి మనిషి తోడుగా నడిచే ఈ పద్ధతి లక్షలాది కుటుంబాల గృహ సమస్యను తీర్చలేదన్నది మరొక ముఖ్యమైన విమర్శ.

గౌరవములు, చివరి రోజులు

1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవ ప్రార్థనకు తమ స్వంత కృషికి గుర్తింపుగా ఆహ్వానము పొందిన ముగ్గురు స్త్రీలలో ఆక్టేవియా ఒకరు. మిగిలిన ఇద్దరు ఫ్లోరెన్స్ నైటింగేల్, జోసెఫిన్ బట్లర్. 1898లో మిత్రులు, సహ కార్యకర్తలు చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ చేత ఆమె చిత్రపటము వేయించి బహూకరించినారు. ఆ సందర్భములో ఆమె తన పద్ధతిని గుడ్డిగా అనుసరించవద్దని, కాలము మారితే కొత్త అవసరాలకు తగిన కొత్త మార్గాలు వెతకాలని సహచరులను కోరినది. తన పేరుతో కేంద్ర సంస్థను ఏర్పరచుటకు ఆమె ఇష్టపడలేదు.

1912 ఆగష్టు 13న ఆక్టేవియా లండనులోని తన ఇంటిలో మరణించినది. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో సమాధికి అవకాశము వచ్చినా, ఆమె కోరిక మేరకు కెంట్‌లోని క్రాకమ్ హిల్ గ్రామములో అంత్యక్రియలు జరిపినారు.

వారసత్వము

ఆమె వద్దనుకున్న సంఘము ఆమె తరువాత సహచరులకు అవసరమైనది. వేరువేరు యజమానుల వద్ద ఒంటరిగా పనిచేసే మహిళా నిర్వాహకులు తమ శిక్షణకు, పరస్పర సహాయానికి 1916లో మహిళా గృహ నిర్వాహకుల సంఘాన్ని స్థాపించినారు. 1932లో ఇటువంటి సంస్థలు ఏకమైనవి. 1965లో గృహ నిర్వాహకుల సాధారణ సంస్థలో కలిసినవి. నేటి ఛార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హౌసింగ్ ఆ పరంపరలోనిదే. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1896లోనే ఆక్టేవియా హిల్ అసోసియేషన్ ఏర్పడినది. విజ్‌బీచ్‌లో ఆమె జన్మించిన ఇల్లు మ్యూజియముగా మార్చబడినది.

రచనలు

* లండను పేదల ఇళ్ళు (హోమ్స్ ఆఫ్ ది లండన్ పూర్, 1875) - వ్యాస సంపుటి. విక్టోరియా రాణి కుమార్తె ఆలిస్ చొరవతో జర్మన్ భాషలో వెలువడినది.
* మన ఉమ్మడి భూమి (అవర్ కామన్ ల్యాండ్, 1877) - బహిరంగ స్థలాలపైన, స్వచ్ఛంద సందర్శకుల పనిపైన వ్యాసాలు.
* సహ కార్యకర్తలకు లేఖలు (1872 - 1911)